పొలం అమ్మి పంపండి: విదేశం వెళ్ళేవాళ్ళకు తలకిందుల సలహాలు

వాడపల్లి, దామరచర్ల, మిర్యాలగూడ, కోదాడ. ఈ వైపు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఇప్పుడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. వెళ్ళే పిల్లలకు సలహాల కొదవ లేదు. బియ్యం ఎన్ని కిలోలు తీసుకెళ్ళాలి, కుక్కర్ ఏ సైజుది కొనాలి, ఎవరి బావమరిది ఏ ఊళ్ళో ఉన్నాడు, ఎవరి రూములో దిగాలి, అన్నీ నూరిపోసి పంపుతాం. నేను చెప్పేవి చాలావరకు వాటికి ఎదురు. పెద్దవాళ్ళకు కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. వెళ్ళిన పిల్లలు ఏ మాటల వల్ల నలిగిపోతున్నారో చూస్తూ ఊరుకోలేం.

మొదటి మాట తల్లిదండ్రులకు. అప్పు చేయకండి, పొలం అమ్మండి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఎకరం ఉన్న మనిషి దాన్ని అమ్మాడంటే ఊరంతా అయ్యో అంటుంది. అదే ఎకరం కాగితాలు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి 25 లక్షలు తెస్తే కొడుకును చదివిస్తున్నాడని మెచ్చుకుంటుంది. ఒక్కసారి లెక్క వేయండి. నెలకు 50 వేలు, ఏడాదికి 6 లక్షలు. ఎమ్మెస్ పూర్తయ్యే రెండేళ్ళలో, పిల్లవాడి చేతికి మొదటి జీతం రాకముందే, వడ్డీ ఒక్కటే 12 లక్షలు. అసలు అసలుగానే ఉంటుంది. బ్యాంకు అప్పు దీనికంటే నయమే కానీ, చదువుతున్నన్నాళ్ళూ కట్టనక్కర్లేదు అన్నారంటే వడ్డీ పెరగడం లేదని కాదు. చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా ఇప్పుడు మునుపటంత లేదు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. ఆ కంపెనీ కడుతుంది, ఈ కంపెనీ కడుతుంది అని ధీమాగా చెప్పే కన్సల్టెన్సీ వాళ్ళు మీ వడ్డీ కట్టరు.

అమ్మిన పొలం ఆ రోజుతో పోతుంది. బాధ ఉంటుంది, నిజమే. అది పెద్దవాళ్ళు ఇక్కడ పడే బాధ. అప్పు మాత్రం పిల్లవాడితో పాటే విమానం ఎక్కుతుంది. నెలనెలా వడ్డీ గుర్తుకొచ్చే కుర్రాడు చదువు మీద కూర్చోలేడు. అమెరికాలో విద్యార్థి వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, బయట పని చేయాలంటే వేరే అనుమతి ఉండాలి. వడ్డీ తరుముతుంటే ఈ నియమం ఎంతమంది పాటిస్తారు? పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ, చేతికి నగదు, జీతం ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితి. అందరూ చేస్తున్నారులే అని మనవాళ్ళే ధైర్యం చెబుతారు. పట్టుబడిన రోజు ఆ అందరిలో ఒక్కరూ ఫోన్ ఎత్తరు.

హాజరు కాకుండానే వీసా నిలబెడతామనే కాలేజీల్లోకి పిల్లలు వెళ్ళడానికి కూడా చాలాసార్లు అప్పు తీర్చాలన్న ఈ తొందరే కారణం. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు మన తెలుగు విద్యార్థుల కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కథ ఇంకా ఘోరం. దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. అందులో పాఠాలు లేవు, చెప్పేవాళ్ళు లేరు. ఆ నెలాఖరులో 130 మంది దాకా విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. దాదాపు అందరూ భారతీయులు, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. చేర్పించిన దళారులూ తెలుగువాళ్ళే. కనుక కాలేజీ ర్యాంకు తర్వాత చూద్దురు గానీ, ముందు క్లాసు ఏ గదిలో, ఏ రోజు, ఎవరు చెబుతారు అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఆ ఆఫర్ లెటర్ చించేయండి.

ఇక వెళ్ళే పిల్లలకు. అమెరికా నుంచి సెలవుకు వచ్చినవాణ్ణి సలహా అడగకండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీని అడగండి.

వెటకారంగా అంటున్న మాట కాదు. సెలవుకు వచ్చినవాడు మూడు వారాలుంటాడు. అందులో రెండు వారాలు పెళ్ళిళ్ళకు సరిపోతాయి. తన కష్టం చెప్పుకుంటే ఇంటి పరువు పోతుందనుకుంటాడు. పైగా అతను వెళ్ళిన రోజుల వీసా, అద్దెలు, ఉద్యోగాలు ఇప్పుడు లేవు. బీహార్ మనిషి మన కళ్ళముందే పరాయి నేలలో బతుకుతున్నాడు. మిల్లుల్లో వాళ్ళే. వీర్లపాలెం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో లేచిన యాదాద్రి విద్యుత్ కేంద్రం పనుల్లోనూ ఉత్తరాది కూలీలే ఎక్కువ. భాష రాదు, తిండి వేరు, ఇల్లు అద్దెకు ఇవ్వడానికి మనవాళ్ళు సవాలక్ష సాకులు చెబుతారు. ఆ స్థితిలో ఎలా నిలబడ్డాడో చెప్పగలిగేది అతనే.

ఇక్కడి మిల్లులో ఏళ్ళుగా పని చేస్తున్న ఒకాయనను కదిపితే చెప్పిన సంగతి వినండి. "వచ్చిన కొత్తల నాకు తెలుగు రాదు. రోజూ పొద్దుగాల ఆ ఒక్క హోటల్‌లనే చాయ్ తాగిన. వేరే దగ్గరికి పోలే. జరం వచ్చిన రోజు ఆ చాయ్ ఆయననే ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండు." అంతే చెప్పాడు. కానీ ఆ చాయ్ హోటల్ సంగతి ఏ గైడు పుస్తకంలోనూ దొరకదు. కొత్త ఊళ్ళో దుకాణం మార్చకండి. ఒకే చోట సరుకులు కొనండి, ఒకే లైబ్రరీలో కూర్చోండి, ఒకే బస్సు ఎక్కండి. నెల తిరిగేసరికి మీ ముఖం గుర్తుపట్టే నలుగురు తయారవుతారు. ఒక రోజు మీరు కనపడకపోతే ఏమైందోనని అనుకునే మనిషి ఉండాలి. ఒంటరిగా గదిలో జ్వరపడ్డవాడికి వాట్సాప్ గ్రూపులో 200 మంది ఉన్నా తలుపు తట్టేవాడు ఒక్కడు కావాలి కదా.

మనవాళ్ళున్న చోటికే వెళ్ళమంటారు. నేను వద్దంటాను. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు మన కుర్రాళ్ళు, ఒక్క వంటగది, గోడకు వంట వంతుల కాగితం. అద్దె మిగులుతుంది, కాదనను. కానీ రెండేళ్ళయినా పక్కింటాయన పేరు తెలియదు, ఇంగ్లీషులో గట్టిగా ఫోన్ మాట్లాడలేరు, ఇంటర్వ్యూలో నోరు పెగలదు. మనవాళ్ళలోనూ ఏ కులం వాళ్ళు ఏ గదిలో అనే లెక్క మొదలవుతుంది. ఇక్కడ వదిలిపెట్టి పోవాల్సిన దరిద్రాన్ని మోసుకెళ్ళి అక్కడ పరుచుకోవడం ఇది. కనీసం ఒక్క రూమ్‌మేట్ అయినా తెలుగు రానివాడు ఉండేలా చూసుకోండి. మొదటి నెల నరకం. తర్వాత మీ ఇంగ్లీషు దానంతట అదే దారిలో పడుతుంది.

కొత్త చోట కలిసిపోయి పాతుకుపోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన కాలంలో గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వచ్చారు. అక్కడి భూములు అమ్ముకుని ఇక్కడ చవగ్గా కొన్నారు. వాళ్ళకూ ఇక్కడివాళ్ళకూ మధ్య గొడవలున్నాయి, కోపాలున్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. కానీ ఒకటి గమనించండి. వెనక్కి పోయే ఇల్లు అట్టిపెట్టుకోనివాళ్ళే ఇక్కడ నిలదొక్కుకున్నారు. పండక్కో చావుకో తప్ప పాత ఊళ్ళకు పోలేదు. పిల్లల్ని ఇక్కడి బడిలో వేశారు, ఇక్కడే వియ్యమందారు. 2014 జూన్ 2 తర్వాత వాడపల్లి వంతెన రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దయింది. అవతల పొందుగల, ఇవతల వాడపల్లి. అప్పటికి వాళ్ళ మనవలు ఇక్కడివాళ్ళే.

అందుకే మిర్యాలగూడలో ప్లాటు కొనకండి అంటాను. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదే ఇంటి దగ్గర ప్లాటు కొనకపోతే కొడుకు చెడిపోయాడంటారు. అననివ్వండి. ప్లాటు కాదు, పొలమే కొందామంటే ఎన్నారై వ్యవసాయ భూమి కొనడానికి మన చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా రావచ్చు గానీ కొనకూడదు. దాంతో మామయ్య పేరునో స్నేహితుడి పేరునో కొంటారు. డబ్బు మీది, పట్టా ఆయనది. ఆయన బాగున్నన్నాళ్ళూ బాగానే ఉంటుంది. రేపు ఆయన పిల్లలు కాదంటే ఏ ఆఫీసుకు పోతారు? బేనామీ చట్టం మీ మాట వినకముందే మిమ్మల్ని పట్టుకుంటుంది. ఆ డబ్బు మీరున్న ఊళ్ళో ఆరు నెలల ఖర్చుకు పక్కన పెట్టుకోండి. ఉద్యోగం పోయిన రోజు, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు కొత్తది వెతుక్కునే 60 రోజుల గడువు గడుస్తుంటే, మిర్యాలగూడ బైపాస్ పక్క ప్లాటు అద్దె కట్టదు.

పచ్చళ్ళ సంగతి. రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. అందులో సగం ఆవకాయ, గోంగూర, కారప్పొడులతో నింపుతాం. అమ్మ చేతిది ఒక్క సీసా చాలు. చికెన్, మటన్ పచ్చళ్ళు అసలే వద్దు. అమెరికా సరిహద్దు అధికారులు మన దేశపు మాంసం పదార్థాలను రానివ్వరు, చెప్పకుండా దాచితే జరిమానా వేస్తారు. పచ్చడి కొనే డబ్బుతో వెళ్ళే ముందు పంటి డాక్టరు దగ్గరికి పోండి. అక్కడ ఒక పన్ను బాగు చేయించుకునే ఖర్చుకు ఇక్కడ నోరంతా బాగుపడుతుంది. రెండు జతల కళ్ళద్దాలు, టీకాల కాగితాలు, సర్టిఫికెట్ల అసలు ప్రతులు చేతి సంచిలో పెట్టుకోండి.

ఇంకొకటి, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ కంటే ముందు ఈత నేర్చుకోండి. సెలవు రోజున చెరువుకో జలపాతానికో వెళ్ళి మునిగిపోయిన మన పిల్లల వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాం. కృష్ణ, మూసీ కలిసే చోట పుట్టి పెరిగినవాళ్ళకు కూడా అక్కడి నీళ్ళు అలవాటు లేనివి. ఎండ మండుతున్నా కొండల నీళ్ళు మంచులా ఉంటాయి. దిగగానే ఊపిరి బిగుసుకుపోతుంది, చేతులు ఆడవు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ లేకుండా దిగకండి. ఫోటో కోసం రాళ్ళ చివర నిలబడకండి.

రోజూ వీడియో కాల్ వద్దు. తల్లులు ఈ మాటకు కన్నీళ్ళు పెట్టుకుంటారని తెలిసే చెబుతున్నాను. డల్లాస్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే శీతాకాలంలో మనకు పొద్దున తొమ్మిది. రోజూ ఆ వేళకు ముఖం కడుక్కుని, నవ్వు తెచ్చుకుని, తిన్నానమ్మా అని చెప్పే పిల్లవాడు మీతో నిజం మాట్లాడటం లేదు. వారానికి ఒక్కసారి గంట సేపు మాట్లాడండి. ఏం తిన్నావు అని కాదు, ఈ వారం నీకు కష్టమైన సంగతేమిటి అని అడగండి. చెప్పాడంటే బెంబేలెత్తి వచ్చెయ్ నాయినా అనకండి. వినండి, చాలు. మీకు షుగర్ పెరిగినా, నాయినమ్మ పడిపోయినా దాచకుండా వాడికీ చెప్పండి.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తాను అనేవాణ్ణి గడప తొక్కనివ్వకండి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటా కాదా చూడండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్ళే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా పూర్తిగా వికలాంగులైనా 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం మీ దగ్గర కాదు, భార్య దగ్గర ఉండాలి.

ప్రయాణం ముందు చావు మాట ఎత్తకూడదంటారు. ఎత్తండి. అక్కడ జరగరానిది జరిగితే దహనం అక్కడేనా, ఇక్కడికి తేవాలా అన్నది ఇంట్లో కూర్చుని ముందే అనుకుని రెండు వాక్యాలు రాసి పెట్టండి. అనుకోని ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలుసు కదా. మృతదేహం రావడానికి రోజులు, వారాలు పడుతుంది. మరణ ధ్రువపత్రం, శవం చెడకుండా చేసినట్టు కాగితం, మన రాయబార కార్యాలయం అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఇవన్నీ కావాలి. స్నేహితులు చందాలు ఎత్తుతుంటే ఇక్కడ తల్లి తిండి మానేసి గుమ్మంలో కూర్చుంటుంది. అమెరికాలో దహనం చేసి అస్థికలు తేవడం ఎంతో తేలిక. వాడపల్లి సంగమంలో కలపడానికి అవి చాలు. సౌదీలో దహనానికి వీల్లేదు, కనుక అక్కడికి వెళ్ళేవాళ్ళ ఇంట్లో ఈ మాట ఇంకా ముందే జరగాలి.

చివరగా, మొదటిసారి ఇంటికి వచ్చేటప్పుడు పెళ్ళిళ్ళ సీజన్‌లో రాకండి. చుట్టాలందరికీ చాక్లెట్లు పంచుతూ మూడు వారాలు తిరిగితే అమ్మానాన్నలతో కూర్చునేది రెండు పూటలే. ముహూర్తాలు లేని ఆషాఢంలో రండి. నాన్నను డాక్టరుకు చూపించండి. బ్యాంకు ఖాతాల్లో నామినీ ఎవరో చూడండి, మీ సేవింగ్స్ ఖాతాను ఎన్నారైలకు ఉండే ఎన్నార్వో ఖాతాగా మార్పించండి. పొలం మిగిలి ఉంటే పాస్‌బుక్కులో సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో తహసీల్దారు ఆఫీసుకు మీరే వెళ్ళి కనుక్కోండి. ఆ పని బామ్మర్దికి అప్పజెప్పకండి.