గోడదే తప్పు

2007 నవంబర్ 15న ఫ్రాన్స్‌లోని టూలూజ్ విమానాశ్రయంలో ఒక గోడ దారికడ్డంగా నిలబడింది. ఎంతకీ తొలగలేదు. అబుదాబీకి చెందిన ఎతిహాద్ సంస్థకు అప్పగించబోతున్న సరికొత్త ఎయిర్‌బస్ ఏ340-600 ఇక చేసేది లేక దాని మీదికి ఎక్కింది. 75 మీటర్ల విమానానికి ముక్కు గోడ అవతల, మొండెం గోడ ఇవతల. లోపలున్న తొమ్మండుగురిలో నలుగురికి తీవ్ర గాయాలు. ఒక్క టికెట్టయినా అమ్ముడుపోకముందే విమానానికి నూకలు చెల్లాయి.

న్యాయంగా గోడ మీదే కేసు పెట్టాలి. కానీ ఫ్రెంచి విచారణ సంస్థ బీఈఏకి అంత పెద్దమనసు లేదు. వాళ్లు చక్రాల కింద చూశారు. అక్కడ ఏమీ లేదు. అసలు గొడవంతా ఆ ఏమీ లేకపోవడంతోనే.

ఘాట్‌రోడ్డులో లోడు లారీ ఆగీ ఆగకముందే క్లీనర్ కుర్రాడు రాయి పట్టుకుని కిందికి దూకుతాడు. వాడి దగ్గర మాన్యువల్ ఉండదు. టూలూజ్‌లో ఉన్నది. ఇంజన్లను ఎక్కువ శక్తితో నడిపేటప్పుడు చక్రాలకు చాక్స్, అంటే అడ్డుదిమ్మలు, పెట్టాలని తెలిసిన నిపుణులూ ఉన్నారు. ఆయిలు కారుతోందా అని చూడటానికి నాలుగు ఇంజన్ల శక్తినీ ఒకేసారి పెంచి, సుమారు మూడు నిమిషాలు అలాగే ఉంచారు. పరీక్షకు రాసిపెట్టిన పద్ధతిని పక్కనపెట్టారు. దిమ్మల బదులు పార్కింగ్ బ్రేకు మీద భారం వేశారు. కొనేవారి ప్రతినిధులు లోపలే ఉండగా, కిందికి దిగి దిమ్మలు వెతుక్కోవడం మర్యాదగా ఉంటుందా!

బ్రేకు ఓపిక పట్టినంతసేపు పట్టింది. విమానం కదిలాక గోడ చేరడానికి 13 సెకన్లు. ఆ 13 సెకన్లలో ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పెడళ్లు తొక్కారు. పార్కింగ్ బ్రేకు విడిచారు. ముక్కు చక్రాన్ని పక్కకు తిప్పారు. తోస్తున్నది ఇంజన్లు కదా, లివర్లు వెనక్కి లాగుదామన్న ఆలోచన మాత్రం గోడ ముంచుకొచ్చేదాకా రాలేదు.

ఆ తర్వాత ఈమెయిళ్లలో ఒక కథ ఊరేగింది: అరబ్బు సిబ్బంది మాన్యువల్ చదవలేదట, హెచ్చరిక మోగితే వైరు పీకేశారట. చదివి నవ్వుకున్నవాళ్లెందరో. పరీక్ష నడిపినవాడు అరబ్బు కాదు, విమానం తయారుచేసిన సంస్థ టెక్నీషియనే. అయినా ఆ మాటకు అంత గిరాకీ ఉంటుందా?

ఇదంతా పాతకథ, ఇప్పుడు పద్ధతులు మారాయంటారా? 2021 జూన్ 18న లండన్ హీత్రోలో, ఫ్రాంక్‌ఫర్ట్‌కు సరుకు మోసుకెళ్లాల్సిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 787 ఉన్నచోటే ముక్కు నేలకు ఆనించింది. సరుకు ఎక్కిస్తుండగానే మరమ్మతు కోసం కాక్‌పిట్‌లో ల్యాండింగ్ గేరు, అంటే చక్రాల, లివర్ పైకెత్తారు. ముక్కు గేరు ముడుచుకోకుండా పెట్టాల్సిన పిన్ను పెట్టారు కూడా. అయితే పక్క రంధ్రంలో. చూపించినవారొకరు, దూర్చినవారొకరు. ఇద్దరూ తమ పని తాము చేశారు. కో-పైలట్‌కూ, సరుకు ఎక్కించే మనిషికీ స్వల్ప గాయాలు.

ఇక్కడ వాళ్ల తప్పు వెతికేవారు ఒక సంగతి గమనించాలి. పిన్ను ఆ రంధ్రంలో పడితే గేరు ముడుచుకుంటుందని ముందే తెలుసు. అంతకుముందు అలా జరిగింది కూడా. అందుకే రంధ్రాన్ని మూసెయ్యమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశమిచ్చింది. 2020 జనవరిలో అమల్లోకి వచ్చిన ఆ ఆదేశం ఒక్క రంధ్రం మూయడానికి ఇచ్చిన గడువు 36 నెలలు. హీత్రోలో విమానం ముక్కు మీద పడేనాటికి ఇంకా 19 నెలలు మిగిలే ఉంది. కాబట్టి నిబంధనల ప్రకారం ఎవరూ ఆలస్యం చేయలేదు.