చెవికి శ్రమ లేకుండా సింఫనీ: ఆన్‌లైన్ విద్యార్థికి అచ్చమైన చిట్కాలు

డిగ్రీలో క్రెడిట్లు తక్కువ పడ్డాయా? కంగారు పడకండి. యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం వేదిక మీద ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే చదువులన్నిటిలోకీ పాశ్చాత్య సంగీతాన్ని విని ఆనందించడం నేర్పే కోర్సుకు సాటి లేదు. లెక్కలుండవు, ల్యాబు ఉండదు, రికార్డు రాయక్కర్లేదు. వినడం ఒక్కటే పని. ఆ ఒక్క పనీ చేయకుండా గట్టెక్కే దారి కింద చెబుతున్నాను. అనంతపురంలో ఉండి చదివేవాళ్లకు ఇది మరీ సులువు. మనకున్నన్ని సాకులు ఇంకో జిల్లావాళ్లకు లేవు.

1. కర్ణాటక సంగీతం జోలికి పోకండి. ఐఐటీ మద్రాస్ తరఫున లక్ష్మీ శ్రీరామ్ గారు చెప్పే కర్ణాటక సంగీత కోర్సు స్వయంలో భాగమైన ఎన్‌పీటీఈఎల్‌లో ఉంది. అందులో చేరారా, చిక్కుల్లో పడ్డట్టే. ఇంట్లో అవ్వ నాలుగు కీర్తనలు విని ఉంటుంది. పక్కింటి పిన్నమ్మ చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకుని ఉంటుంది. ‘ఏదీ, ఒకటి పాడు’ అంటే పరువు దక్కదు. అదే హైడన్ అనుకోండి, ఆయన పేరు మీద 104 సింఫనీలు ఉన్నాయి. వాటిలో మీరు ఒక్కటీ వినలేదని కనిపెట్టే మనిషి గడియార స్తంభం నుంచి సప్తగిరి సర్కిల్ దాకా వెతికినా దొరకడు.

స్వయం బయట చూస్తే, కోర్సెరాలో యేల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ క్రెయిగ్ రైట్ చెప్పే కోర్సు ఉంది. ఎడ్‌ఎక్స్‌లో హార్వర్డ్ ప్రొఫెసర్ థామస్ కెల్లీ ‘ఫస్ట్ నైట్స్’ అని అయిదు గొప్ప రచనల తొలి ప్రదర్శనల గురించి చెబుతాడు. రెండూ మంచి కోర్సులే, మీరు వినరు కాబట్టి ఏదైనా ఒకటే. పేరు పెద్దదిగా ఉన్నది చూసుకుని చేరండి. చుట్టాలకు చెప్పుకోవడానికి హార్వర్డ్ బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. పుట్టపర్తి వైపు చుట్టాలుంటే వాళ్ల ముందు నోరు విప్పకండి. అక్కడ మిర్పురి సంగీత కళాశాల ఉంది. క్రిస్మస్‌కు దేశదేశాల భక్తులు కూడి కోయిర్ పాడతారు. అవి ఏళ్ల తరబడి విన్నవాళ్లకు పై గొంతు ఏదో కింది గొంతు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. అలాంటివాళ్లు మీ చదువుకు శత్రువులు.

2. జులైలో మొదలయ్యే బ్యాచిలోనే చేరండి. స్వయంలో జనవరి, జులై అని రెండు విడతలుంటాయి. జులై అంటే ఇంట్లో శెనక్కాయ విత్తే కాలం. వాన పదునైతే చాలు, విత్తనాలు మోయడం, గొర్రు వెనక నడవడం, ఆ తర్వాత కలుపు, అన్నిటికీ మిమ్మల్నే పిలుస్తారు. అప్పుడు ఫోను చేతిలో పట్టుకుని, ‘నాయనా, క్లాసు నడుస్తా ఉంది’ అనండి. చదువు మాట ఎత్తితే మన పక్క పెద్దవాళ్లు ఎదురు చెప్పరు. పడమటి గాలికి చెట్టు నీడన మంచం వాల్చుకుని పడుకోండి. ఇలా చేస్తే ఒకే దెబ్బకు సేద్యమూ తప్పుతుంది, చదువూ తప్పుతుంది.

3. వీడియో నడవాలి, మీరు నడవకూడదు. చాలా వేదికల మీద పాఠం చివరిదాకా ఆడితే పూర్తయినట్టు పచ్చ గుర్తు పడుతుంది. కాబట్టి శబ్దం పూర్తిగా తగ్గించి, వేగం రెండింతలు చేసి, ఫోను బోర్లించి పెట్టండి. బీతోవెన్ అయిదో సింఫనీ మామూలుగా అరగంటకు పైగా పడుతుంది. ఇలా చేస్తే పావుగంటలో అయిపోతుంది. 1808 డిసెంబర్‌లో వియన్నాలో అది మొదటిసారి వినిపించినప్పుడు జనం చలిగా ఉన్న హాల్లో సుమారు నాలుగు గంటలు కూర్చున్నారు. కచేరీ అంత పొడుగు. వాళ్లకు ఫోను లేదు, మీకుంది.

4. సొనాటా రూపాన్ని మూడో వంతు వింటే చాలు. ఇది చాలామంది గమనించని లాభం, అందుకే కాస్త విడమరచి చెబుతాను. హైడన్, మోజార్ట్, బీతోవెన్ల సింఫనీల్లో మొదటి భాగం ఎక్కువగా ఈ పద్ధతిలోనే సాగుతుంది. ముందు రెండు బాణీలను పరిచయం చేస్తారు. మొదటిది సొంత శ్రుతిలో, రెండోది వేరే శ్రుతిలో. తర్వాత వాటిని ముక్కలు చేసి, శ్రుతులు మారుస్తూ, ఎక్కడెక్కడికో తిప్పుతారు. చివరికి మళ్లీ మొదటి బాణీలే వస్తాయి, ఈసారి రెండూ సొంత శ్రుతిలోనే.

మూడో ఘట్టంలో వచ్చేది మొదట విన్నదే. విన్నదాన్ని మళ్లీ వినడం ఎందుకు? అది కొట్టేయండి. మధ్య ఘట్టంలో బాణీ సక్రమంగా ఉండదు, అన్నీ ముక్కలే. సక్రమంగా లేనిదాన్ని వినడం ఎందుకు? అదీ కొట్టేయండి. ‘బాణీ ఇల్లు వదిలి తిరిగి వచ్చిందని మధ్యలో తిరుగుడంతా విన్నవాడికే తెలుస్తుంది’ అని పాఠంలో చెబుతారు. పట్టించుకోకండి. అయిదో సింఫనీలో మీకు కావలసింది మొదటి నాలుగు స్వరాలే, మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. అవి కూడా ఇదివరకు ఎక్కడో సినిమాలోనో సీరియల్లోనో మీ చెవిన పడే ఉంటాయి. అంటే మీ చదువు అప్పుడే అయిపోయింది.

5. కాలాన్ని జుట్టు చూసి చెప్పండి. బరోక్ అంటే సుమారు 1600 నుంచి 1750 దాకా. క్లాసికల్ అంటే అక్కడి నుంచి 1820 ప్రాంతం దాకా. రొమాంటిక్ అంటే 1900 దాకా. ఈ అంకెలు బట్టీ పట్టే బదులు బొమ్మలు చూడండి. బాఖ్‌లా భుజాల మీదికి దిగిన సవరం పెట్టుకుంటే బరోక్. మోజార్ట్‌లా సవరం పొట్టిగా, వెనక్కి కట్టి ఉంటే క్లాసికల్. సొంత జుట్టు, అదీ దువ్వకుండా ఉంటే రొమాంటిక్ గుమ్మంలో నిలబడిన బీతోవెన్. పరీక్షలో బొమ్మ ఇవ్వకుండా పాట ముక్క వేసి ఏ కాలమని అడిగితే, కళ్లు మూసుకుని జుట్టును ఊహించుకోండి.

6. వివాల్దీలో ‘సమ్మర్’ ఒక్కటే తీసుకోండి. ‘ఫోర్ సీజన్స్’ 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. నాలుగు కాలాలకు నాలుగు కాన్సెర్టోలు, ఒక్కోదానికి మూడు భాగాలు, ఒక్కో కాలానికి ఒక పద్యం కూడా. వసంతం, చలికాలం మన ఊళ్లో లెక్కలోకి రావు. ‘సమ్మర్’ మొదట్లో మనుషులూ గొర్రెల మందా ఎండకు సోలిపోయే ఘట్టం ఉంది. స్వరాలు ఈడ్చుకుంటూ నడుస్తాయి. బుక్కపట్నం రోడ్డు మీద మే నెలలో నిలబడ్డవాడికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. అక్కడే ఆపి నిద్రపోండి. మూడో భాగంలో వడగళ్ల వాన పడి పైరు ధ్వంసమవుతుంది, వయొలిన్లు ఒకదాని మీద ఒకటి విరుచుకుపడతాయి. అంతదాకా పోకండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట, వాన రాక పైరు పోవడం చూసిన కళ్లు మనవి. వానొచ్చి పోవడం కూడా వినాలా?

7. అన్ని ప్రశ్నలకూ శంకరాభరణం. ఇది మహాస్త్రం. పాశ్చాత్యుల మేజర్ స్కేలు మెట్లు మన 29వ మేళకర్త శంకరాభరణం మెట్లకు సరిపోతాయి. వాళ్ల హార్మోనిక్ మైనర్ మన 21వ మేళకర్త కీరవాణి. ముత్తుస్వామి దీక్షితులు కూడా పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు, వాటినే నొట్టు స్వరాలంటారు. ఈ మూడు ముక్కలు తెలిస్తే చాలు. ఏ వ్యాసం అడిగినా, సంతోషంగా ఉన్న పాటకు శంకరాభరణం అని, దిగులుగా ఉన్నదానికి కీరవాణి అని రాయండి. అమెరికాలో దిద్దేవాళ్లు ఇదేదో లోతైన పరిశోధన అనుకుంటారు. రాగానికి గమకం ప్రాణమని, ఒకే మెట్ల మీద నడిచినంత మాత్రాన రెండూ ఒకటి కావని, పాశ్చాత్యుల అందమంతా స్వరాల మీద స్వరాలు పేర్చే హార్మనీలో ఉందని ఎవరైనా వాదిస్తే, ఇళయరాజా పేరు చెప్పండి. ఆయన 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్ చేశాడు. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించాడు. ఆ పేరు విన్నాక తెలుగువాడెవడూ వాదించడు.

8. కచేరీ నివేదికకు పెళ్లి బ్యాండు. చాలా కోర్సుల్లో ఒక ప్రత్యక్ష కచేరీకి వెళ్లి నివేదిక రాయమంటారు. సింఫనీ ఆర్కెస్ట్రా కావాలంటే ముంబైకి పోవాలి. అక్కడ ఎన్‌సీపీఏలో 2006లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. బెంగళూరు అయితే మనకు నాలుగైదు గంటల ప్రయాణం, 1987 నుంచి బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ అక్కడ నడుస్తోంది. అంత దూరం ఎందుకు? మాఘమాసంలో వీధి చివరికి పోండి. ఊరేగింపు ముందు నడిచే బ్యాండులో క్లారినెట్, ట్రంపెట్, సైడ్ డ్రమ్ము, పెద్ద బేస్ డ్రమ్ము, అన్నీ పాశ్చాత్య వాద్యాలే. ‘అనంతపురంలో బహిరంగ వేదిక మీద బ్రాస్ సమ్మేళనం విన్నాను’ అని రాయండి. అబద్ధం ఒక్కటీ లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, క్లారినెట్ మేస్త్రి దగ్గరికి పోకండి. వాయించే ముందు ఆయన రీడు ముక్కను నోట్లో పెట్టుకుని తడుపుతాడు, మూతి దగ్గర బిగించి, గోటితో సరిచూసి, ఒక్కసారి సన్నగా ఊదుతాడు. ఎందుకలా చేస్తారని అడిగారో, ఆయన చెబుతాడు. రీడు ఎండితే స్వరం పగులుతుందంటాడు. కింది స్థాయిలో గొంతు బొంగురుగా, పైకి పోయేకొద్దీ వెలుగుగా ఎలా మారుతుందో ఊది చూపిస్తాడు. అది విన్నాక మోజార్ట్ తన చివరి ఏడాది 1791లో క్లారినెట్ కోసం రాసిన కాన్సెర్టో వినాలనిపిస్తుంది. అది వింటే ఇంకోటి. ఇలాగే చాలామంది మంచి పిల్లలు పాడైపోయారు. దూరంగా నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయండి, విందులో ఓళిగలు తినడం మరచిపోకండి.

9. సాకులు ఊరి సరుకే వాడండి. ‘నెట్ లేదు’ అన్నది అరిగిపోయింది. ‘బోరు మోటారు కాలిపోయింది’ అనండి. మోటారు కాలితే అసైన్‌మెంటు ఎందుకు ఆగుతుందని అడగాలంటే ముందు వాళ్లకు బోరు అంటే ఏమిటో అర్థం కావాలి. మీరు ఆరు వందల అడుగుల లోతు దగ్గర మొదలుపెట్టి, ట్యాంకరు దగ్గరికి వచ్చేసరికి గడువు పెంచేస్తారు. రెండోసారికి వరద. అనంతపురంలో వరదా అంటే నమ్మరు. 2022 అక్టోబర్‌లో పండమేరు వంక పొంగి కాలనీలు మునిగిన వార్త చూపించండి. తేదీ ఉన్న పక్క మాత్రం మడిచి పెట్టండి.

10. చివరి ప్రాజెక్టుకు జాన్ కేజ్ 4 నిమిషాల 33 సెకన్లు. ఇంతకు మించిన వరం లేదు. 1952 ఆగస్టు 29న అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని, మూడు భాగాలూ ఒక్క స్వరం మీటకుండా ముగించాడు. మీరు సెమిస్టర్ అంతా చేసింది అదే. ఆ సమయంలో చుట్టూ వినిపించే చప్పుళ్లను వినమన్నది కేజ్ ఉద్దేశమట. ఆ శ్రమ కూడా వద్దు. చప్పుళ్లు మన ఇంట్లో ఎటూ ఉంటాయి, జాబితా రాసేయండి: మిక్సీ, ట్యాంకరు హారను, శెనక్కాయలు చెరిగే చాట.

11. వ్యాసం చాట్‌బాట్‌తో రాయించండి, చదవకండి. చదివితే సందేహాలొస్తాయి. హాండెల్ చివరి ఏళ్లలో చూపు పోయినవాడు, బీతోవెన్ వినికిడి పోయినవాడు. చాట్‌బాట్ ఇద్దరినీ తారుమారు చేసినా మీకేం నష్టం? తోటి విద్యార్థుల వ్యాసాలు మీరు దిద్దాల్సి వస్తే అందరికీ పూర్తి మార్కులు వేసి ‘చాలా బాగుంది’ అనండి. వాళ్లలో మీలాంటివాళ్లే ఎక్కువ, బాకీ తీరుస్తారు.

12. పరీక్ష. ఎన్‌పీటీఈఎల్ లెక్క తీసుకుంటే వారం వారం అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి నాలుగు వారాలు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఎగ్గొట్టవచ్చు. అసైన్‌మెంట్లలో పది, పరీక్షలో ముప్పై వస్తే పాస్. పరీక్ష సెంటర్‌కు పోయి నిఘాలో రాయాలి. అక్కడ స్నేహితుడు పనికిరాడు, ఫోను పనికిరాదు, శంకరాభరణమూ పనికిరాదు. భయపడకండి. పొద్దున ఉగ్గాని బజ్జీ బాగా తిని వెళ్లండి, అన్నిటికీ మూడో సమాధానం గుర్తించండి, ముందుగా బయటికి రండి. ముందుగా వచ్చినవాణ్ని చూసి బాగా రాశాడనుకుంటారు.

1824 మే 7న తొమ్మిదో సింఫనీ ముగిశాక బీతోవెన్‌కు చప్పట్లు వినిపించక, గాయని ఒకామె ఆయన్ను జనం వైపు తిప్పిందట. ఒక్క స్వరం చెవిన పడకుండా ఆయన అంతటి సింఫనీ ముగించాడు, మీరు ఒక కోర్సు ముగించలేరా?

పరీక్షలో ఆ ముప్పై రాకపోతే ఇంకా మంచిది. జనవరిలో ఇదే కోర్సు లేదా దీని తమ్ముడు దొరుకుతుంది. అంటే ఇంకో నాలుగు నెలలు ‘క్లాసు నడుస్తా ఉంది’ అనే హక్కు మీదే. ఈ పద్ధతిలో పట్టుదలగా సాగితే డిగ్రీ మూడేళ్లలో అయిపోయే ప్రమాదం ఉండదు. శెనక్కాయ పంట డబ్బు చేతికొచ్చిన వారంలోనే పరీక్ష ఫీజు అడిగి దగ్గర పెట్టుకోండి, తర్వాత ఇంట్లో మిగలదు.