గుదియకు ఒక పెట్టు

కుమ్మరి వీధి మీద నేను రాసిన వ్యాసం ఆదివారం సంచికలో వచ్చింది. ఫోన్లు బాగానే వచ్చాయి. ఒకావిడైతే చదువుతూ ఏడ్చేశానంది. ఎవరి గురించి రాశానో ఆయనకే చూపించకపోతే ఎలా అని పత్రిక చంకలో పెట్టుకుని బయల్దేరాను.

దూరమేం లేదు, మా అపార్ట్‌మెంట్ వెనకే. నిజం చెప్పాలంటే వ్యాసం మొత్తం బాల్కనీలో కూర్చునే రాశాను. ఇదివరకు అక్కడ బట్టలారేస్తే మసి పట్టేది. ఇప్పుడా బాధ లేదు.

పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. పక్కన గోడకి చేరేసిన సారె. దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది. ఒకప్పుడు ఈ వీధిలో ఇంటింటా సారె తిరిగేది. సంక్రాంతికి పొంగలి కుండలు, పెళ్ళిళ్ళకి అరివేణి కుండలు, కార్తీకానికి ప్రమిదలు, ఎండాకాలం కూజాలు. గోదారికి పులస ఎదురెక్కే రోజుల్లో పులుసు దాక కావాలంటే ముందే చెప్పి ఉంచుకోవాలి. మా నాన్న అలా చెప్పి ఉంచి, తీరా వెళ్ళాక అర్ధరూపాయి దగ్గర అరగంట బేరమాడేవాడు.

"చదవరా," అంటూ పెద్దాయన పత్రిక మనవడికిచ్చాడు. ఇంటర్ కుర్రాడు, గడగడా చదివాడు. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అన్న సామెతతో ఎత్తుకున్నాను. సత్తుగిన్నెలు, స్టీలు, ప్లాస్టిక్ బిందెలు, ఫ్రిజ్‌లు వరసగా వచ్చి పడటం, చెరువులు ప్లాట్లయి మట్టికి కరువు రావడం, 2004లో రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ రైళ్ళలో టీకి మట్టి కప్పులు పెట్టించినా అవి కాగితం కప్పుల ముందు నిలవకపోవడం, 2018 నుంచి ఖాదీ కమిషన్ పంచుతున్న కరెంటు సారెలు... అన్నీ రాశాను. కుండ ఒంటికున్న సన్నటి బెజ్జాల్లోంచి చెమ్మ ఊరి, ఆవిరై, లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుందన్న చోట పెద్దాయన తలూపాడు. ఆఖర్న 'ఆవం ఆరిపోయింది' అన్న మాట దగ్గర మాత్రం ఊపలేదు.

"బాగా రాసేరు బాబుగారూ. ఆ గుదియ ఎవరండి?"

"ఇంకెవరు! స్టీలూ, ప్లాస్టిక్కూనూ."

"ఆటితో నలభయ్యేళ్ళు నెగ్గుకొచ్చేనండి. మొన్నమొన్నటిదాకా నెలకో ఆవం కాల్చేను. కూజాలకి ఇప్పటికీ వచ్చి అడుగుతున్నారు, లేవని పంపేస్తున్నాను." మనవడి వైపు తిరిగాడు. "ఆ కాయితం తేరా."

ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన మునిసిపాలిటీ నోటీసు. ఇళ్ళ మధ్య ఆవం పొగ వల్ల జనానికి ఇబ్బందిగా ఉంది కాబట్టి తక్షణం ఆపాలని. వెనక పిన్ను కొట్టిన ఫిర్యాదు నకలు. కింద సంతకాలు, పక్కన ఫ్లాట్ నంబర్లు.

రెండేళ్ళ కిందట లిఫ్ట్ దగ్గర మా సెక్రటరీ ఏదో కాగితం పట్టుకుని నిలబడటం గుర్తొచ్చింది. ఆఫీసుకి టైమైపోతోంది, పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

కుర్రాడు ఒక చేత్తో పత్రిక, ఇంకో చేత్తో ఆ కాగితం పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూశాడు.

"తాతా, సార్ పేరు ఇందులో కూడా పడింది."