‘కారు పంపెడు’ పద్యం: టీకా తాత్పర్యం

తే. గీ. కారు పంపెడు వారిని కంపెనీలు
ముందు తక్కువ ధర చెప్పి మురియజేసి
నేడు రేపని వాకిట నిలువబెట్టి
చివర నింకొక్క నూరని చేయి చాచు.

అవతారిక: న్యూజెర్సీలో, ఎడిసన్‌లో కాపురమున్న ఒక తెలుగు గృహస్థుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొలువు దొరికింది. నడుమ దూరం 1,500 మైళ్ల పైమాట. ఆలుబిడ్డలు విమానమెక్కారు, సామాను ట్రక్కెక్కింది, కారొక్కటి మిగిలింది. అప్పుడు పుట్టిన పద్యమిది. కాళిదాసుకు కొలచలం మల్లినాథసూరి దొరికాడు. ఈ కవికి మేమే గతి.

టీక: కారు పంపెడు వారిని = సొంత కారును తాము తోలుకుపోక, పరుల ట్రక్కు మీద ఎక్కించి పంపేవారిని. కారు అనగా ఇక్కడ ఖాళీ కారు. డిక్కీలో సోనామసూరి సంచులు, ఆవకాయ జాడీ, అమ్మ ఇచ్చిన రోలు కూడా పోతాయి కదా అనుకునేవారు కలరు. కార్లు మోసే ట్రక్కుకు ఇంటి సామాను మోసే అనుమతి సాధారణంగా ఉండదు; రోలు దొర్లి సీటు చిరిగితే బీమావాడు మొహం చూడడు. పెట్రోలు పావు ట్యాంకు చాలు. అద్దానికి అంటించిన ఈజీపాస్ ఊడదీయాలి. లేకుంటే ట్రక్కు టోల్‌గేటు దాటినప్పుడు, కదలకుండా కూర్చున్న కారు ఖాతాలోనుంచీ డబ్బు పోవచ్చు.

కంపెనీలు = ఇక్కడ ఆగాలి. బహువచనమెందుకు? ధర కనుక్కుందామని ఒక్కచోట ఫోన్ నంబరిస్తే పది చోట్లనుంచి ఫోన్లు వస్తాయి కనుక, అని పూర్వపక్షం. నిజమే గాని అది పైపై అర్థం. మనతో తీయగా మాట్లాడే కంపెనీ ఒకటి, కారు మోసే కంపెనీ మరొకటి అని సిద్ధాంతం. మొదటివాడు బ్రోకరు; చాలామంది బ్రోకర్లకు సొంత ట్రక్కు ఒక్కటీ ఉండదు. రెండోవాడు క్యారియరు. ఎవరు ఎవరో ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వారి జాబితాలో నంబరు కొట్టి చూస్తే తెలుస్తుంది. బ్రోకరు 75,000 డాలర్ల బాండు పెట్టాలని చట్టం. ‘మాకు బాండుందండీ’ అని అతడు గొప్పగా చెప్పినంత మాత్రాన మన కారు సొట్టకు అది పూచీ అనుకోరాదు. దారిలో జరిగిన నష్టానికి 1906 నాటి కార్‌మాక్ చట్టం ప్రకారం జవాబుదారీ మోసినవాడు. కనుక ట్రక్కువాడి పేరు, అతడి బీమా కాగితం ముందే అడిగి పుచ్చుకోవాలి.

ముందు తక్కువ ధర చెప్పి = పద్యానికి ప్రాణం ఇక్కడుంది. బ్రోకరు చెప్పింది ధర కాదు, ఆశ. అతడు మన కారును లోడ్ బోర్డు మీద, అంటే డ్రైవర్లు సరుకు వెతుక్కునే ఆన్‌లైన్ జాబితాలో, పెడతాడు. ఎనిమిదో తొమ్మిదో కార్లు పట్టే ట్రక్కుతో అటుగా పోయే డ్రైవరు ఆ బోర్డు చూసి, తన దారిలో ఎవరెక్కువ ఇస్తే వారి కారు ఏరుకుంటాడు. మనది సంతలో బేరం కుదరని ఎద్దులా అక్కడే నిలబడుతుంది. అంటే రెండో పాదం కారణం, మూడో పాదం కార్యం. మురిసినవాడే నిలబడతాడు. ‘మురియజేసి, నిలువబెట్టి’ అని కవి క్త్వార్థకాలను ఆ వరుసలో పేర్చింది అందుకే. నలుగురు ఒక మాదిరి ధర చెప్పి, ఐదోవాడు మూడు వందలు తగ్గించి చెబితే, అనుమానించవలసింది ఐదోవాణ్ణి. మనవాళ్లు ఆ నలుగురినీ అనుమానిస్తారు.

నేడు రేపని = స్పష్టం. డ్రైవరు పది గంటల విశ్రాంతి తర్వాత పదకొండు గంటలకు మించి తోలరాదన్న నిబంధన కూడా ఇందులో కలుస్తుంది.

వాకిట = ఇది కవి ప్రమాదం. అంత పొడుగు ట్రక్కు అపార్ట్‌మెంటు సందులో తిరగదు. వాకిలి అంటే దగ్గరలోని వాల్‌మార్ట్ పార్కింగ్ లాట్ అని లక్షణార్థం చెప్పుకోవాలి.

చేయి చాచు = ఎవరి చేయి? ట్రక్కు డ్రైవరుదని పామరులు. ‘ఇంకో నూరు కలిపితే రేపొద్దున్నే ఎక్కిస్తాడటండీ’ అని ఫోన్ చేసే బ్రోకరుదే. డ్రైవరు అడిగేది, దింపేటప్పుడు రావలసిన బాకీ. నగదు గాని క్యాషియర్స్ చెక్కు గాని సిద్ధంగా ఉండాలి.

తాత్పర్యం: సులభం. విడువడమైనది.

విశేషాంశం: కవి అసలు ఘట్టాన్ని వదిలేశాడు. బిల్ ఆఫ్ లేడింగ్ అనే కాగితం మీద కారు బొమ్మ అన్ని వైపులనుంచీ గీసి ఉంటుంది. ఎక్కించేటప్పుడు పాత గీతలన్నీ దానిమీద గుర్తుపెట్టి, ఫొటోలు తీసుకోవాలి. దింపేది రాత్రి పదకొండుకు, వానలో. డ్రైవరు పెన్ను చేతిలో పెట్టి ‘సైన్ హియర్’ అంటాడు. అప్పుడు ఫోన్ టార్చి వేసి, వంగి బంపరు కింద, మునివేళ్ల మీద లేచి పైకప్పు చూసి, కొత్త సొట్ట కనిపిస్తే కాగితం మీద రాసి, ఆ తర్వాతే సంతకం చెయ్యాలి. ఉత్త సంతకం పెట్టేస్తే తర్వాత ఎంత మొత్తుకున్నా నిరూపించడం కష్టం. ఇంత సంగతి తేటగీతిలో పట్టదు. పైన ఒక సీసం రాయవలసింది.

పాఠాంతరం: నాలుగో పాదానికి ‘చివర నిన్నూరు తెమ్మని చేయి చాచు’ అని మరొక పాఠం. గణాలు, యతి సరిపోతున్నాయి. చలికాలం ముందర ఉత్తరాది వృద్ధులు కార్లను ఫ్లోరిడాకు పంపుకుంటారు గనక ఆ దారిలో ధర పెరుగుతుంది. ఈ పాఠం ఆ రోజుల్లో టాంపాకు కారు పంపిన లేఖకుడి చేతిదై ఉంటుంది.