మిర్చిని మించిన ఘాటు

గుంటూరు యార్డులో మిర్చి ధర పాతాళానికి పడితే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం దిగడమన్నది ఎరగదు! అరవై దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అదే ఏడాది జనవరి 30న కంపెనీలకు చెప్పింది. మంచిదే. ఏటా పదేసి వడ్డించినా ఎనిమిదేళ్లకు రెట్టింపు దాటుతుందిగా! రెన్యువల్ నోటీసు చూస్తే పెద్దాయనకు బీపీ పెరగడం ఖాయం. మంచాన పడితే చూసుకునే ఆయా జీతం మాత్రం చాలా పాలసీల్లో రాదు. ఢిల్లీ పెద్దలారా, ‘ఏటా పది శాతమే పెంచాలి’ అనే ఆ ఆంక్షేదో మా పత్తి, మిర్చి ధరలకూ పెట్టండి, కిమ్మనకుండా భరిస్తాం!