లండన్ రోడ్డు కార్జకాండ

ట్రామ్ గంటలే మంగళవాద్యాలుగా, వెల్లెస్లీ రోడ్డు మీది ఇరవై అంతస్తుల లూనార్ హౌస్ వీసాల మేరుపర్వతంగా, 1276 నాటి అనుమతితో ఇప్పటికీ కూరగాయలమ్మే సర్రే స్ట్రీట్ సంతే కల్పవృక్షవాటికగా అలరారుతున్నది దక్షిణ లండన్‌లోని క్రోయిడన్ మహానగరం. (మహానగరమనడం కవిసమయమే. సిటీ హోదా కోసం 2000లోనూ 2002లోనూ 2012లోనూ పోటీపడ్డా రాణిగారు కరుణించలేదు.) ఆ పురంలో, వెస్ట్ క్రోయిడన్ స్టేషన్ దాటాక లండన్ రోడ్డు పక్కన, ఓ హలాల్ మాంసం కొట్టు గాజుపేటికలో, ఉక్కు పళ్లెమే పర్యంకంగా, కెంపుల కాంతితో గొర్రె కార్జం శయనించి ఉంది. ఆదివారం ఇగురు కోసం అరకిలో తూయించుకునే తెలుగువాళ్లకు అది కార్జమే. నాకు కురుక్షేత్రం.

ఆ కార్జంలో ప్రతి కణానికీ ఓ కోటగోడ ఉంది. ఆ గోడ ఫాస్ఫోలిపిడ్ల, అంటే ఫాస్ఫరస్ ఉన్న కొవ్వుల, కట్టడం. వాటిలో పెద్దపీట లెసిథిన్‌ది. ఒక తల, రెండు కొవ్వు తోకలు దాని స్వరూపం. గొర్రె బతికున్నన్నాళ్లూ గోడను ఒకవైపు కూల్చేవాళ్లూ, మరోవైపు కట్టేవాళ్లూ ఉంటారు. కసాయి కత్తి పడ్డాక కట్టే మేస్త్రీలు పని మానేశారు. కూల్చే వీరులు, అంటే ఎంజైములు, మాత్రం డ్యూటీ దిగలేదు.

అదిగో వెడలె ఫాస్ఫోలైపేజ్ ఏ-2! కాల్షియమే ఆయుధంగా గల ఈ వంశంవాడే నాగుపాము కోరలో విషం, మన క్లోమంలో జీర్ణరసం. ఎక్కడున్నా చేసేది ఒకటే: లెసిథిన్ తోకల్లో ఒకదాన్ని నరకడం. మిగిలిన ఒంటితోక లైసోలెసిథిన్ సబ్బు లక్షణాల రక్కసి. అది ఎక్కువైతే ఎర్ర రక్తకణాలు ఫట్టున పగులుతాయి. అంతలో లైసోఫాస్ఫోలైపేజ్ దూకి రెండో తోకా తెంచాడు. ఇక మిగిలింది గ్లిసరోఫాస్ఫోకోలీన్: తోకల్లేవు, జిడ్డు లేదు, నీళ్లలో ఇట్టే కరిగే నిరుపేద. ప్రబంధకవి అయితే ఇక్కడ జయజయధ్వానాలు చేసి గంటం కింద పెట్టేవాడు. నేను పెట్టను. నా కథానాయకుడు ఇంకా రాలేదు.

వచ్చె, వచ్చె, గ్లిసరోఫాస్ఫోకోలీన్ డైఎస్టరేజ్! బిరుదుకన్నా పొడవైన పేరు, పేరుకన్నా చిన్న పని: ఒక్క బంధం తెంచడం. ఒకవైపు గ్లిసరోఫాస్ఫేట్, మరోవైపు కోలీన్ పడతాయి. 1956లో డాసన్ అనే ఆంగ్ల జీవరసాయనవేత్త ఎలుక కార్జంలో ఇతని పరాక్రమం పరీక్షించాడు. లోహపు అయాను లేనిదే ఇతగాడు కత్తి ఎత్తడు. సంయమనమూ ఉంది: మూత్రపిండం లోలోపల ఉప్పు ఉద్ధృతమైనప్పుడు ఇతని జోరు తగ్గి, గ్లిసరోఫాస్ఫోకోలీన్ పోగుపడి, ఆ ఉప్పు దెబ్బ నుంచి కణాల్ని కాపాడుతుంది. పాము కోరలో చేరి పేరు తెచ్చుకున్న ఏ-2 కన్నా, ఎప్పుడు నరకాలో, ఎప్పుడు ఆగాలో ఎరిగిన ఇతనికే నా పట్టాభిషేకం.

ఇంత యుద్ధానికీ సంజయుడెవరంటారా? మనవాడే. భీమవరంలో పుట్టిన జీవరసాయనవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. ఫాస్ఫోలిపిడ్‌ను ఆమ్లంలో మరిగించి లోపలి ఫాస్ఫరస్‌ను బయటికి లాగాలి; మాలిబ్డేట్ పోసి, దాన్ని క్షయకరణం చేస్తే ద్రవం నీలమవుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత. కంటికి కనిపించని ఈ కోటగోడల్లో ఎన్ని ఇటుకలు నిలిచాయో ఎన్ని కూలాయో ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి ఆ నీలిరంగులోనే చదివాయి.

అరకిలో తూయించుకున్న అయ్యలారా, అమ్మలారా! కార్జాన్ని ఫ్రీజర్‌లో పడేస్తే పోరు ఆగిందనుకోకండి, నెమ్మదిస్తుందంతే. మంచులో కూడా కొవ్వు తోకలు ఒక్కొక్కటిగా తెగుతూనే ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ రుచి చెడుతుంది. ఈ వీరులు లొంగేది పొయ్యి మంటకే. కొన్న రోజే ఇగురు పెట్టేయండి, మిరియాలు కాస్త ఎక్కువే వేయండి.