తిమింగలానికి సైడివ్వండి బాబూ!

లోకంలో ఎవడికీ ఇష్టంలేని పనులు రెండున్నాయి. ఒకటి పక్కకు తప్పుకోవడం, రెండోది నెమ్మదిగా పోవడం. ఓడలు గుద్ది తిమింగలాలు చావకుండా ఉండాలంటే ఈ రెండే చెయ్యాలని శాస్త్రవేత్తలు తేల్చారు. మందూ మాకూ అక్కర్లేదు, కొత్త మిషను అక్కర్లేదు, టెండరు అసలే అక్కర్లేదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టెండరు లేని పథకానికి కాంట్రాక్టరు దొరకడు, కాంట్రాక్టరు దొరకని పథకానికి నాయకుడు దొరకడు.

శ్రీలంక దక్షిణపు కొసన దొండ్రా అని ఒక అగ్రం ఉంది. సూయజ్ కాలువ దాటి సింగపూరు వైపు పోయే ఓడలన్నీ దాని ముందునుంచే పోతాయి. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే ఓడదారుల్లో అదొకటి. సరిగ్గా ఆ నీళ్లలోనే నీలి తిమింగలాలు మేత మేస్తాయి. మిగతా సముద్రాల్లోని నీలి తిమింగలాలు మేతకు చలిసముద్రాలకూ, కాన్పుకు వెచ్చని నీళ్లకూ ఏటా వేల కిలోమీటర్లు తిరుగుతుంటాయి. ఇక్కడివి మాత్రం వెచ్చని నీళ్లు వదలవు. ధ్రువాల మొహం చూడకుండా హిందూ మహాసముద్రం ఉత్తరపు భాగంలోనే కాపురం. ఆశా డి వోస్ అనే శ్రీలంక శాస్త్రవేత్త వీటి వెంట ఏళ్ల తరబడి తిరిగి ఈ సంగతులు లోకానికి చెప్పారు. 2012లో కొలంబో హార్బరులోకి ఒక కంటైనర్ ఓడ వచ్చింది. దాని ముక్కుకు అడ్డంగా, తీగ మీద ఆరేసిన పంచెలాగా, చచ్చిన నీలి తిమింగలం వేలాడుతోంది. ఓడ లెక్కల్లో దాన్ని దిగుమతి కింద రాసుకున్నారో లేదో గాని, ఆ ఫొటో మాత్రం అన్ని దేశాలూ తిరిగింది.

ఓడదారిని 15 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 28 కిలోమీటర్లు దక్షిణానికి జరిపితే ఢీకొనే ప్రమాదం 95 శాతం తగ్గుతుందని అక్కడ సర్వే చేసినవాళ్లు లెక్కగట్టారు. దారి పదిహేను మైళ్లు జరిపితే ప్రయాణం పదిహేను మైళ్లు పెరగదు, వంపు కాస్త పెరుగుతుంది, అంతే. కాని అధికారికంగా దారి మార్చాలంటే తీరదేశం అంతర్జాతీయ సముద్రయాన సంస్థను అడగాలి. ఓడలు దూరం జరిగితే హంబన్‌టోట రేవు వ్యాపారం కూడా దూరం జరుగుతుందేమోనని శ్రీలంక భయం. దాంతో 2022లో ఎంఎస్‌సీ అనే అతిపెద్ద కంటైనర్ కంపెనీ, ఎవరి జీవో కోసమూ చూడకుండా, తన ఓడల్ని తనే దక్షిణానికి జరుపుకుంది. మంచి పనే. అదే కంపెనీ ఓడ ఎల్సా-3 ఆ తర్వాత 2025 మే నెలలో కొచ్చి దగ్గర మునిగి, కేరళ ఇసక మీద ప్లాస్టిక్ గుళికలు చల్లిపోయింది. ఎవరికీ ఒక్కసారిగా దండేసెయ్యకూడదని మా ఊరివాళ్లకు అనుభవం మీద తెలుసు.

ఇంతకీ దొండ్రాలో ఓడ గుద్దితే మా నరసాపురానికేమిటంట? చాలా ఉంది. మొదటిది, ఓడలంటే మాకు చిన్నచూపు లేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు మా గోదావరి ఒడ్డున ఓడలు కట్టించుకునేవారు. మా పక్కనున్న మాధవాయిపాలెం నేతగుడ్డ ‘మడపోలం’ అన్న పేరుతో ఐరోపా ఒంటి మీదికెక్కింది. అప్పటి ఓడలకు తెరచాపే ఇంజను కాబట్టి తిమింగలాలకు తప్పుకునే తీరిక ఉండేది. రెండోది, ఇప్పుడు కూడా ఆ దారిలో పోయేది మన సరుకే. మన డెల్టా బియ్యం కాకినాడ రేవులో ఎక్కి పశ్చిమ ఆఫ్రికాకు పోవాలంటే శ్రీలంక కింద నుంచి చుట్టుకుపోవాల్సిందే. రామసేతు మీదుగా పెద్ద ఓడలు పోలేవు, అక్కడ వానరులు కట్టింది నడక కోసం. మన చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య కూడా గడ్డకట్టించుకుని, డబ్బాలో పడుకుని, చాలాసార్లు కొలంబోలో ఓడ మారి అమెరికా పోతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ నీలి తిమింగలాలు అక్కడ ఏం తింటాయా అని పరిశోధిస్తే, ముఖ్యంగా సెర్జెస్టిడ్ అనే బుల్లి రొయ్యలని తేలింది. అంటే మనం వంకాయలో వేసుకునే రొయ్యపొట్టుకు దగ్గర చుట్టాలు. ఎనభై అడుగుల ప్రాణి, ప్రపంచంలోకెల్లా పెద్ద జంతువు, మన ఇంటి కూర తిని బతుకుతోంది. పైన మన రొయ్య ఓడలో పోతోంది, కింద దాని రొయ్య ఈదుతోంది. మధ్యలో అది ఊపిరి పీల్చుకుందామని పైకి తేలితే, మన రొయ్య పోతున్న ఓడ వచ్చి నడుం విరగ్గొడుతోంది.

‘అంత పెద్ద జంతువుకు అంత పెద్ద ఓడ కనపడదా?’ అని మా వీధి అరుగు మీద ఒక పెద్దమనిషి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఓడ రొదంతా వెనక పంకా దగ్గర పుడుతుంది. ముందున్న ఇనపగోడ దాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి ఎదురుగా ఉన్నదానికే చప్పుడు తక్కువ వినపడుతుంది. పైగా లక్షల ఏళ్లుగా పైనుంచి వచ్చి గుద్దే శత్రువును ఎరగని వంశం. ఓడ మీదికొచ్చినా పక్కకు పరుగెత్తదు, మెల్లగా కిందికి మునుగుతుందంతే. మొగల్తూరు రోడ్డు మధ్యలో నెమరేస్తూ కూర్చున్న గేదె కూడా హారన్‌కు లేవదు. అయినా మన లారీవాడు బ్రేకు వేస్తాడు. జంతుప్రేమ కాదు. గేదెకు యజమాని ఉంటాడు, కర్రతో వస్తాడు, పాడిగేదె అంటాడు, పూటకు ఆరు లీటర్లంటాడు, కడుపుతో ఉందంటాడు. తిమింగలానికి అలా వచ్చి కూర్చునేవాడు లేడు. కడుపుతో ఉన్నా సరే.

ఇక రెండో మందు, నెమ్మది. ఓడ గంటకు 15 నాటికల్ మైళ్ల వేగంతో గుద్దితే పది తిమింగలాల్లో ఎనిమిది చస్తాయని, వేగం తొమ్మిదికి లోపుంటే చచ్చేవి రెండేనని 2007లో ఒక అధ్యయనం లెక్క చెప్పింది. ఆ ఏడాదే బోస్టన్ రేవుకు పోయే ఓడదారిని అమెరికావాళ్లు కాస్త ఉత్తరానికి తిప్పారు. మరుసటి ఏడు తూర్పుతీరంలో రైట్ అనే జాతి తిమింగలాలు తిరిగే చోట్ల, తిరిగే నెలల్లో, 65 అడుగులు దాటిన ఓడ ఏదైనా గంటకు 10 నాటికల్ మైళ్లు మించకూడదని నిబంధన పెట్టారు. అంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. దీనికి అక్కడ కోర్టులు, వాదాలు, లాబీలు. మా జిల్లా రోడ్లు ఏ చట్టమూ లేకుండా, కేవలం గోతుల బలంతో, ఆ వేగాన్ని ఎప్పుడో అమలు చేశాయి.

నీటి మీద కూడా మేం ముందే ఉన్నాం. మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి దాటించే మా పంటు ప్రపంచంలోకెల్లా తిమింగలస్నేహి నౌక అని నా నమ్మకం. బైకులు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివారు, అంతర్వేది తీర్థం పోయే భక్తులు, ఒక ఆటో, ఆటోలో మేక, అందరూ ఎక్కేదాకా కదలదు. కదిలాక కదిలినట్టు తెలీదు. అక్కడ వంతెన కడతామని పాలకులు మారినప్పుడల్లా శంకుస్థాపన రాయి వేస్తూ వచ్చారు. వంతెన లేకపోవడాన్ని వెనకబాటుతనమంటారు గాని, జలచర సంరక్షణ అని పేరు మార్చి చూడండి, ఐక్యరాజ్యసమితి నుంచి నిధులొస్తాయి.

పంటు మీద పక్కన నుంచున్న వేటగాణ్ణి అడిగాను, బియ్యపుతిప్ప మనిషి. ‘ఏం బాబాయ్, తిమింగలాలకు ఓడలు దారివ్వాలంటున్నారు, నీకేమనిపిస్తోంది?’

ఆయన చుట్ట తీసి నీళ్లలోకి ఉమ్మి, ‘ఆయ్, మాకే సైడివ్వర్లెండి, దానికిత్తారా? రాత్రేళ వల వదిలి దీపం పెట్టుకుని కూకుంటాం. కొండలాంటి ఓడ వల మీంచి పోద్దండి. పొద్దున్న లాగితే సగం వలే వత్తది. ఏ ఓడ మీద కేసెట్టమంటారు?’ అన్నాడు.

‘మరి నువ్వు తిమింగలం పక్షమేనా?’

‘పక్షం అంటే... అదీ మేమూ ఒకే లెక్కలో ఉన్నాం కదండి, పైనుంచి చూత్తే.’

పైనుంచి చూసేవాడు ఓడ కెప్టెన్. అంతెత్తు నుంచి ఫైబర్ బోటూ, తిమింగలం వీపూ ఒకేలా కనిపిస్తాయి. ఒక్కోసారి అసలు కనిపించవు.

ఓడను ఆపడం మనవల్ల కాదని మాత్రం ఎవరూ అనకండి. 2024 నవంబరులో కాకినాడ రేవుకు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వెళ్లి, రేషన్ బియ్యం ఎక్కించుకున్న స్టెల్లా ఎల్ అనే ఓడను చూసి ‘సీజ్ ద షిప్’ అన్నారు. ఆ మూడు ముక్కలూ రీల్స్‌గా, టీషర్టులుగా, పెళ్లి బ్యానర్లుగా ఊరూరా మోగాయి. తర్వాత కొత్త సంవత్సరంలో ఆ ఓడ లంగరెత్తుకుని వెళ్లిపోయిందనుకోండి, అది వేరే సంగతి. అటవీ పర్యావరణ శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. పాపం తిమింగలం అడుగుతున్నది అంత పెద్ద డైలాగేం కాదు. ‘స్లో ద షిప్’ అంటే చాలు. కాని ఆ డైలాగుకు విజిల్ పడదు.

తిమింగలం దూరపుచుట్టం, దాని మాట అలా ఉంచండి. గుమ్మంలోకొచ్చిన తాబేలును మనం ఎలా చూసుకున్నామో చూద్దాం. జనవరి వచ్చిందంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికొస్తాయి. పేరుపాలెంలో, అంతర్వేది ఇసకలో ఆ నెలల్లో తెల్లారగట్ల నడిస్తే కనపడేది గుడ్లు కాదు. బోర్లించిన ఇత్తడి పళ్లెమంత డిప్ప, ఉబ్బిన మెడ, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు, రెక్క పట్టుకు లాగుతున్న కుక్క. తాబేలుకు ఊపిరితిత్తులున్నాయి. ట్రాలరు వల గంటల తరబడి అడుగున ఈడుస్తుంటే అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని మన రాష్ట్రంలో 1994 నుంచీ చట్టం ఉంది. సముద్రంలో ఎనిమిదో కిలోమీటరు రాయి ఎక్కడుందో తాబేలుకు తెలీదు, తెలిసిన ట్రాలరువాడు అటు చూడడు.

వేట నిషేధం కూడా పెట్టాం, 61 రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేలు గుడ్లు పెట్టే పని చాలామటుకు మార్చికల్లా ముగించుకుంటుంది. నిషేధం చేపల సంతానం కోసం పెట్టింది కాబట్టి తాబేలు తేదీలతో దానికి పనిలేదు. జీవో చూసుకుని రాకపోవడం తాబేలు తప్పు.

వలలో ఇనప చట్రమొకటి బిగిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు పైనున్న సందులోంచి బయటికి జారుకుంటుంది. కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థవాళ్లు మన వలలకు తగ్గట్టు తయారుచేసి కూడా ఇచ్చారు. రొయ్య కూడా జారిపోతుందని బోటువాళ్ల బెంగ. చట్రం వాడటంలేదని 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. దశావతారాల్లో రెండోదాన్ని శ్రీకూర్మంలో వెయ్యేళ్లుగా పూజిస్తున్న జాతికి, తాబేలు మీద గౌరవం వాషింగ్టన్ నుంచి దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. 2025 జనవరిలో కాకినాడ తీరంలో చచ్చిన తాబేళ్లు లెక్కకు మించి కొట్టుకొస్తే ఉపముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. తాబేళ్లు ఆ ఆదేశానికి కృతజ్ఞతగా ఒడ్డున బారులు తీరి పడుకున్నాయి.

ఈ అనుభవంతోనే తిమింగలాల విషయంలో మనం ఏం చేస్తామో నేనిప్పుడే చెప్పగలను. ముందు తిమింగలాల సంక్షేమ కార్పొరేషన్ ఏర్పడుతుంది. ఒక ఛైర్మన్, పన్నెండు మంది డైరెక్టర్లు, అందులో సముద్రం చూసినవాళ్లు ఇద్దరు. నరసాపురం దగ్గర 2022 నవంబరులో శంకుస్థాపన చేసిన మత్స్య విశ్వవిద్యాలయం సిలబస్‌లో ఒక పాఠం చేరుస్తారు. ఆ పాఠాన్ని ప్రశ్నపత్రంలో ఛాయిస్‌లో వదిలెయ్యొచ్చు. పేరుపాలెం బీచిలో సిమెంటు తిమింగలం లేస్తుంది. దాని నోట్లో ఐస్‌క్రీం బండి. నిజం తిమింగలం వస్తే ఏం జరుగుతుందో 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరం చూసింది. 25 అడుగుల కళేబరం కొట్టుకొచ్చింది, నీలి తిమింగలమన్నాయి పత్రికలు. నీలి తిమింగలానికి ఆ పొడుగంటే చనుబాల వయసు. జనం ఫొటోలు దిగారు. అటవీశాఖ, మత్స్యశాఖ, రెవెన్యూ, ముగ్గురిలో అది ఎవరి పిల్ల అన్నది ఇలాంటప్పుడెప్పుడూ తేలదు. చివరికి జేసీబీవాడి పిల్ల అవుతుంది.

అసలు చేయగలిగినవాళ్లు ఎవరంటే, మన బియ్యం, మన రొయ్య ఎక్కించే ఎగుమతిదారులు. ‘మా సరుకు దొండ్రా దగ్గర దక్షిణంగా పోవాలి, నెమ్మదిగా పోవాలి’ అని ఓడ మాట్లాడుకునేటప్పుడే ఒక షరతు రాయించుకోవచ్చు. ఆ మాటే ఒక ఎగుమతిదారుతో అన్నాను, పేరెందుకులెండి. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. ‘ఆలోచన బాగుందండి. ఆయిలు ఖర్చు ఎంత పెరుగుతుందంటారు?’ అన్నారు. తక్కువేనన్నాను. నెమ్మదిగా పోతే ఆయిలు మిగులుతుంది కూడానన్నాను. ఆయన మొహం వెలిగింది.

ఎందుకు వెలిగిందో నాకు తర్వాత అర్థమైంది. రొయ్యకు కౌంటు రేటు తగ్గించడానికి ఆయన దగ్గర కారణాలు పాతబడిపోయాయి. ఈక్వెడార్ పంట, చైనా సెలవులు, ట్రంప్ సుంకం, అన్నీ వాడేశారు. రైతు నమ్మడం మానేశాడు. ఇక రేపు భీమవరం నుంచి చెరువు గట్టుకు ఫోనొస్తుంది. ‘వంద కౌంటుకు పది రూపాయలు తగ్గిందండి. ఏం చేస్తాం, సముద్రంలో తిమింగలం అడ్డొస్తోందట.’ మా పశ్చిమగోదావరి రైతు తిమింగలం గురించి మొట్టమొదటిసారి వినేది అప్పుడే. దాన్ని గుద్దెయ్యమని కలెక్టరేటు ముందు ధర్నా చేసేదీ అప్పుడే.